పడవ మోటారుకు పెట్రోల్ అందకపోతే

ప్రశ్న: పాకాల చెరువులో వలలకు పోయే పడవకు పాత 15 హెచ్‌పీ టూ-స్ట్రోక్ మోటారు ఉంది. స్టార్టింగ్ మంచిగనే ఉంది. ఫుల్ రేస్ ఇచ్చిన అయిదారు నిమిషాలకు గుంజుడు తగ్గి ఆగిపోతుంది. పైపు మధ్యలో ఉన్న రబ్బరు బల్బు నొక్కుతూ ఉంటే మళ్లీ అందుకుంటుంది. కార్బురేటర్ రెండుసార్లు కడిగించినం, ఫలితం లేదు.
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: బల్బు నొక్కగానే మోటారు అందుకుంటోందంటే కార్బురేటర్‌ను ఇక వదిలేయండి. ట్యాంకు నుంచి, మోటారులో పెట్రోల్ లాగే పంపు దాకా ఉన్న దారిలోనో, ఆ పంపులోనో లోపం ఉంది. పంపు చేయాల్సిన పని మీ చెయ్యి చేస్తోంది.

మోటారు ఆగిపోయే క్షణంలో బల్బును చూడండి. చప్పిడిగా అతుక్కుపోయి ఉంటే ట్యాంకు వైపు దారి మూసుకుందన్నమాట. మొదట ట్యాంకు మూత మీది గాలి స్క్రూ విప్పి ఉందో లేదో చూడండి. అది బిగించి ఉంటే పెట్రోల్ తగ్గేకొద్దీ లోపల గాలి చాలక పంపు లాగలేదు. అయిదారు నిమిషాలు నడిచి ఆగే మోటార్లలో చాలావాటికి రోగం ఇదే. స్క్రూ బాగానే ఉంటే ట్యాంకులో అడుగు దాకా దిగే గొట్టం బయటికి తీసి, దాని కొసన ఉన్న జాలీ కడగండి. పాత ఇనుప ట్యాంకు అయితే తుప్పు పొడి అక్కడే చేరుతుంది.

బల్బు అతుక్కోకుండా మెత్తగా వదులైపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది. దీన్ని కంటితో పట్టుకోవచ్చు. బల్బుకు, పంపుకు మధ్య అడుగు పొడవు తెల్ల ప్లాస్టిక్ పైపు ముక్క క్లిప్పులతో బిగించి మోటారు నడపండి. పెట్రోల్ నిండుగా పారాలి. పూసల్లా బుడగలు వరుసగా వస్తుంటే ట్యాంకు దగ్గరి, మోటారు దగ్గరి కనెక్టర్లలో ఓ-రింగులు (రబ్బరు చుట్లు) మార్చండి, క్లిప్పులు కొత్తవి వేయండి. చాలా లీకులు పెట్రోల్ బయటికి కార్చవు, గాలిని మాత్రం లోపలికి లాగుతాయి. అందుకే పైపు తడిగా లేదని లీకు లేదనుకోవద్దు. పరీక్ష అయ్యాక ఆ ప్లాస్టిక్ ముక్క తీసేయండి, పెట్రోల్‌కు అది గట్టిపడి పగులుతుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరుకు అది పడదు. పైపు బయటికి నున్నగానే ఉంటుంది, లోపలి పొర మాత్రం పొక్కులా లేచి పెట్రోల్‌కు అడ్డం పడుతుంది. పైపు పాతబడితే ఆలోచించకుండా బల్బుతో సహా మార్చండి, ఇథనాల్‌కు తట్టుకునేదే అడగండి. బల్బు మీది బాణం గుర్తు మోటారు వైపు ఉండాలి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే పంపు విప్పండి. లోపల కదులుతూ పెట్రోల్ లాగే పల్చటి పొరను, అంటే డయాఫ్రమ్‌ను, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. సూదిమొన అంత రంధ్రం ఉన్నా, గట్టిపడి ముడతలు పడ్డా మార్చాల్సిందే. చిల్లు పడితే పెట్రోల్ నేరుగా పిస్టన్ కింది క్రాంక్‌కేసులోకి పోతుంది, ప్లగ్గు నల్లగా తడిసి ఉంటుంది. గ్యాస్కెట్లు కూడా కొత్తవే వేసి, స్క్రూలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి.

అప్పటిదాకా బల్బు నొక్కుకుంటూ ఫుల్ రేస్‌లో పోవద్దు. ఆయిల్ పెట్రోల్‌తోనే వస్తుంది. పెట్రోల్ తగ్గితే ఆయిల్ కూడా తగ్గి పిస్టన్ పట్టేస్తుంది.

ప్రశ్న: ఎండాకాలం రెండు నెలలు మోటారు ఊరికే పెట్టినం. ఇప్పుడు చోక్ లాగి ఉంచితేనే నడుస్తుంది, వదిలితే ఆగిపోతుంది.
– ఒక పాఠకుడు, ములుగు

జవాబు: మీది మాత్రం కార్బురేటర్ పనే. నిల్వ పెట్రోల్ ఎండి జిగురై, ఐడ్లింగ్ జెట్‌ను (రేస్ ఇవ్వనప్పుడు పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాన్ని) మూసేసింది. చోక్ గాలిని తగ్గిస్తుంది కాబట్టి, వచ్చే ఆ కొంచెం పెట్రోల్‌తోనే మోటారు నడుస్తోంది.

కార్బురేటర్ గిన్నె కింది స్క్రూ విప్పి, అందులోది గాజు సీసాలో పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే అది నీళ్లే. ట్యాంకు కూడా ఖాళీ చేయాలి. జెట్లను కార్బురేటర్ క్లీనర్‌తో తడిపి గాలి పెట్టి ఊదండి. తీగతో పొడవొద్దు, ఇత్తడి రంధ్రం కొంచెం పెద్దదైనా లెక్క తప్పుతుంది. ఐడ్లింగ్ స్క్రూ తీసే ముందు మెల్లగా లోపలికి తిప్పి ఎన్ని చుట్లో రాసుకోండి, మళ్లీ అంతే పెట్టండి.

ఇకముందు పక్కన పెట్టేటప్పుడు మోటారును నీళ్ల డ్రమ్ములో దించి, పెట్రోల్ పైపు పీకేసి, దానంతటదే ఆగేదాకా నడపండి. డ్రమ్ములో నీళ్లు తీసుకునే రంధ్రాలు మునగాలి.

ప్రశ్న: బైక్ టూ-టీ ఆయిల్ వాడొచ్చా? ఎంత కలపాలి?
– మరో పాఠకుడు, మహబూబాబాద్

జవాబు: వద్దు. అది గాలితో చల్లబడే ఇంజన్ల కోసం చేసినది, నీళ్లతో చల్లబడే మోటారులో ప్లగ్గు మీద, రింగుల్లో మసి కడుతుంది. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 (నీళ్లతో చల్లబడే టూ-స్ట్రోక్ పడవ మోటార్ల ఆయిల్ గుర్తు) అని ఉన్నదే కొనండి. 50:1 (50 వంతుల పెట్రోల్‌కు ఒక వంతు ఆయిల్) మోటారుకు 10 లీటర్లకు 200 మి.లీ., 25:1 పాత మోటారుకు 400 మి.లీ. మీది ఏదో దాని పుస్తకంలోనో, మోటారు మీది రేకు మీదో ఉంటుంది. సగం పెట్రోల్ పోసి ఆయిల్ కలిపి ఊపాక మిగతా సగం పోయండి, అడుగున ఆయిల్ పేరుకోదు.