డైనో మీద ఎంత వచ్చిందని కాదు, ఏ నీళ్ళు పెట్టారని అడగండి

“బోటుకి 1,100 హార్స్‌పవర్ ట్విన్ టర్బో ఇంజన్ కట్టించుకుంటున్నాం. డైనో (ఇంజన్‌ని ఎక్కించి పవర్ కొలిచే యంత్రం) టెస్టుకి విడిగా డబ్బు అడుగుతున్నారు. అవసరమా, సరాసరి లేక్‌లో దించి చూసుకోవచ్చా?” అని అడిగారు.

అవసరమే. కాకపోతే చాలా షాపుల్లో జరిగేది టెస్టు కాదు, ఫొటోల కార్యక్రమం.

మిస్సోరీలో ఒక ఇంజన్ షాపులో నాలుగేళ్ళు డైనో గదిలో పనిచేశాను. (ఎంఎస్ చదివి మెకానిక్ పనేంట్రా అని మా పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది. ఆవిడకి చెప్పడం నా వల్ల కాలేదు.) ఆగస్టులో అక్కడి సరస్సు లేక్ ఆఫ్ ది ఓజార్క్స్‌లో షూటౌట్ అనే బోటు రేసులు. వాటికి నాలుగు నెలల ముందు నుంచే మా దగ్గర హడావిడి.

ఒక ఏప్రిల్‌లో ఒకాయన వీ8 ఎక్కించాం. ఎనిమిది సెకన్ల పుల్ (ఫుల్ థ్రాటిల్‌లో ఒక్క పరుగు), 1,104 హార్స్‌పవర్ వచ్చింది. ఆయన అప్పుడే స్క్రీన్ ఫొటో తీసి ఎవరికో పంపేశాడు. నాకు మాత్రం మనసొప్పలేదు. టర్బో ఒత్తి పంపే వేడి గాలిని నీళ్ళతో చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి మేం పెట్టింది 14 డిగ్రీల కుళాయి నీళ్ళు. ఆగస్టులో ఆ సరస్సు 30కి దగ్గరగా ఉంటుంది. పైగా కుళాయి నీళ్ళు ప్రెషర్‌తో వాటంతటవే వస్తాయి, బోటులో అయితే ఇంజన్ పంపే తోడుకోవాలి. కారు ఫుల్ థ్రాటిల్‌లో ఉండేది కాసేపే. బోటుకి పల్లం అంటూ ఉండదు, ఎప్పుడూ ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టే.

డైనోలో ఇంజన్‌కి నీళ్ళతో లోడు పెట్టే భాగం వాటర్ బ్రేక్. అందులో 1,100 హార్స్‌పవర్, అంటే 820 కిలోవాట్లు, మొత్తం వేడిగా నీళ్ళలోకే పోతుంది. ఆ నీళ్ళని 30 డిగ్రీలు వేడెక్కనిచ్చినా సెకనుకి ఆరున్నర లీటర్లు కావాలి. అలా వేడెక్కి బయటికొచ్చే నీళ్ళనే తొట్టిలో చల్లనీళ్ళతో కలిపి 30 డిగ్రీలకి తెచ్చాం. ఇంజన్ పంపుతోనే తోడించి, లోడు తగ్గించకుండా మూడు నిమిషాలు నడిపాం. రెండో నిమిషానికే ఇన్‌టేక్ గాలి వేడి ఎక్కింది, నాక్ (సిలిండర్‌లో ఇంధనం తనంతట తానే పేలడం) మొదలైంది, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగేసింది. అంకె 1,020కి పడింది. చూస్తే ఇంటర్‌కూలర్‌కి వెళ్ళే గొట్టం సన్నం. అది మార్చి, బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) కాస్త తగ్గించాక 1,060 దగ్గర నిలకడగా నిలబడింది. ఆయన మొహం మాత్రం మాడిపోయింది, ఆ ఫొటో అప్పటికే పంపేశాడుగా.

ఇంకో మోసం కరెక్షన్ ఫ్యాక్టర్, అంటే ఆ రోజు గాలిని బట్టి అంకెని సవరించే లెక్క. అదే పుల్‌ని ఎస్ఏఈ జె1349 అనే స్టాండర్డ్ బదులు పాత స్టాండర్డ్ లెక్కలో చూపిస్తే దాదాపు 4 శాతం ఊరికే పెరుగుతుంది. టర్బో ఇంజన్‌కి బయటి గాలి తేడాని టర్బోనే చాలావరకు సర్దేస్తుంది, మళ్ళీ పైన ఈ లెక్క కలపడం ఎందుకో! రసీదు మీద ఏ స్టాండర్డో రాయించుకోండి.

ఇంతకీ డబ్బు సంగతి. మూడు నిమిషాల నిలకడ పరుగు, వెచ్చని నీళ్ళతో, ఇంజన్ సొంత పంపుతో చేస్తామంటే అడిగినంత ఇవ్వండి. ఎనిమిది సెకన్ల పుల్ ఒక్కటే అంటే బేరమాడండి.