వెనక తేదీ లేని ఫొటోలు

ప్రశ్న: మా తాతగారి ట్రంకుపెట్టెలో రాజమండ్రి పాత ఫొటోలు దొరికాయి. గోదావరి గట్టు, రైలు వంతెన, టౌన్ హాలు ఉన్నాయి. వెనక ఏమీ రాసి లేదు. అవి ఏ కాలానివో ఎలా తెలుస్తుంది? పాడవకుండా ల్యామినేషన్ చేయించమంటున్నారు, చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, కొవ్వూరు

జవాబు: రెండో ప్రశ్నకి ముందు జవాబు చెబుతానమ్మా, అది తొందరగా తెలియాలి. ల్యామినేషన్ వద్దే వద్దు. ఆ వేడికి ఫొటో పైపొర దెబ్బతింటుంది. ప్లాస్టిక్ ఒకసారి అతుక్కుందంటే మళ్లీ ఊడదీయలేం. నేను స్టూడియోలో పనిచేసిన రోజుల్లో అలా పాడైన పెళ్లి ఫొటోలు తెచ్చి బాగుచేయమని అడిగేవారు. ఏమీ చేయలేక తిప్పి పంపాల్సి వచ్చేది. అద్దానికి అతుక్కుపోయిన ఫొటో ఉంటే పీకకండి, అద్దంతోనే స్కాన్ చేయించండి.

ఇక కాలం సంగతి. గోదావరి ఫొటోల్లో వంతెనలే క్యాలెండరు. రాతి స్తంభాల మీద ఇనుప గర్డర్లతో ఉన్నది హేవలాక్ వంతెన. 1897లో కట్టడం మొదలుపెట్టారు, 1900లో రైళ్లకు తెరిచారు, 1997లో దాని మీద రైళ్లు ఆపేశారు. కాబట్టి దానిమీద రైలు పోతూ కనిపిస్తే ఫొటో 1900కీ 1997కీ మధ్యదే. పైన బస్సులు, కింద రైళ్లు నడిచే వంతెన 1974లో వచ్చింది. కమాను వంతెన 1997లో.

అయితే కెమెరా ఎటు తిరిగి ఉందో కూడా చూడాలి. రోడ్డు కం రైలు వంతెన ఎగువన ఉంది. పుష్కర ఘాట్ నుంచి దిగువకు తిరిగి తీస్తే అది ఫ్రేములోకే రాదు. అందుకని అది కనిపించలేదు కదా అని 1974కి ముందుదని రాసేయకండి. దిగువకు తీసిన ఫొటోలో కమానులు అడ్డం లేకుండా హేవలాక్ కనిపిస్తుంటే, కమాను వంతెన కట్టకముందుదని మాత్రం చెప్పవచ్చు. ధవళేశ్వరం ఫొటో ఏదైనా ఉంటే గేట్లు చూడండి. కాటన్ దొర రాతి ఆనకట్ట 1852 నాటిది, ఇప్పుడున్న గేట్ల బ్యారేజీ 1970ల తర్వాతి కట్టడం.

టౌన్ హాలుని కందుకూరి వీరేశలింగంగారు 1890లో కట్టించారు. అది ఒక్కటే చూస్తే ఏడాది తేలదు. స్కాన్‌ని పెద్దది చేసి చుట్టూ ఉన్న గోడలు వెతకండి. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. గోడమీద సినిమా పోస్టరు కనపడి పేరు చదవగలిగితే, చాలావరకు ఏడాది చేతికి చిక్కినట్టే. ఎన్నికల రాతలు, దుకాణం బోర్డులు, ఆగి ఉన్న కారు, అన్నీ సాక్ష్యాలే.

స్కానింగు 600 డీపీఐకి (అంగుళానికి 600 చుక్కలు) తగ్గకుండా చేయించండి. ఆ ప్రింట్లు పట్టుకుని మీ ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఈ నెలలోనే కూర్చోండి, వాయిదా వేయకండి. వాళ్లు చెప్పిన పేర్లు అసలు ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా అంచున రాయండి. బాల్ పెన్ను వాడొద్దు. నొక్కు ముందువైపు తేలుతుంది.