స్టెంట్ పడ్డాక నడవాలంటే భయమేస్తోంది

ప్రశ్న: హార్ట్ ఎటాక్ వచ్చి స్టెంట్ వేసి 6 వారాలైందండీ. డాక్టర్ నడవమన్నారు కానీ కాస్త ఆయాసమొస్తే చాలు, భయమేసి కూర్చుండిపోతున్నా. వాచీలో పల్స్ 100 కూడా దాటట్లేదు, నేను చేసేది సరిపోతుందా?

జవాబు: ముందు ఆ వాచీ తీసి పక్కన పెట్టండి. ఎటాక్ తర్వాత చాలామందికి బీటా బ్లాకర్ మాత్ర ఇస్తారు, మీకూ ఇచ్చే ఉంటారు, అది పల్స్‌ని పైకి పోనివ్వదు కాబట్టి ఆ నంబర్ చూసి లెక్కేసుకుంటే తప్పుతుంది. దానికన్నా మాట్లాడుతూ నడిచి చూడండి, మాటలు వస్తుండాలి కానీ పాట పాడాలంటే ఊపిరి చాలకూడదు, అదీ స్పీడు. ఆ మాత్రం ఆయాసం మామూలే. మొదట పది నిమిషాలు మెల్లగా, ఆపేముందు ఇంకో పది నిమిషాలు మెల్లగా... అందరూ ఎగ్గొట్టేది ఈ చివరిదే, టక్కున ఆగితే రక్తం కాళ్లలో నిలిచి బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. వారానికి 150 నిమిషాలు టార్గెట్, తొందరేం లేదు. ఛాతీ పట్టేసినట్టుంటే మాత్రం వెంటనే ఆగి కూర్చోండి, తగ్గకపోతే అంబులెన్సే. మీ హాస్పిటల్లో కార్డియాక్ రీహాబ్, అంటే గుండె జబ్బు తర్వాత కోలుకోడానికి దగ్గరుండి వ్యాయామం చేయించే ఏర్పాటు, ఉందేమో అడగండి, అక్కడ ఈసీజీ పెట్టి చూస్తూ నడిపిస్తారు, మీ భయానికి నా లెక్కలో అదే అసలు మందు.