థార్‌కు లిఫ్ట్ కిట్ వేయిస్తే చట్టం ఒప్పుకుంటుందా?

ప్రశ్న: మాది రాజమండ్రి. 2022 మోడల్ మహీంద్రా థార్ ఉంది. సెలవు దొరికితే మారేడుమిల్లి వైపు మట్టిదారుల్లో తిరుగుతాం. బండి అడుగు రెండుసార్లు రాళ్లకు తగిలింది. రెండు అంగుళాల సస్పెన్షన్ లిఫ్ట్ (స్ప్రింగులు పెంచి బండి ఎత్తు పెంచే కిట్) వేయిస్తే సరిపోతుందని, కేసులేమీ ఉండవని గ్యారేజీవాళ్లు అంటున్నారు. వేయించవచ్చా?

జవాబు: గ్యారేజీవాళ్ల మాట మీద మాత్రం వేయించకండి. రేపు ఏదైనా జరిగితే కోర్టు మెట్లు ఎక్కాల్సింది మీరు, వాళ్లు కాదు.

ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట చెప్పినవాటికి తేడాగా మారేలా యజమాని బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. నిర్మాణంలో చేసిన మార్పు వల్ల బండి మౌలిక స్వరూపం మారితేనే అది 'మార్పు' కిందికి వస్తుందని అదే సెక్షన్ వివరణలో ఉంది. ఆర్సీలో గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు) ప్రస్తావనే లేదు కదా, రెండు అంగుళాలకే స్వరూపం మారిపోతుందా అని వాదించేవాళ్లు ఉన్నారు. వాదించవచ్చు, కానీ దాన్ని నమ్ముకుని డబ్బు పెట్టమని నేను చెప్పను. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను కఠినంగానే చదివింది. రాష్ట్ర నిబంధనలు అనుమతించినా అవి సెక్షన్‌ను దాటిపోలేవని తేల్చింది. అదే ఏడాది సవరణతో 182ఎ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

జరిమానా కన్నా నాకు ఎక్కువ భయం ఇన్సూరెన్స్ గురించి. ప్రమాదం తర్వాత సర్వేయర్ వచ్చి బండి కింద ఫొటోలు తీస్తాడు. స్ప్రింగుల మీద కంపెనీది కాని రంగు, పేరు కనిపిస్తే చాలు, మీ సొంత డ్యామేజీ క్లెయిమ్ అక్కడే చిక్కుల్లో పడుతుంది. ఎత్తు పెరిగిన బండి ఘాట్ మలుపులో బోల్తా పడి ఎవరికైనా ప్రాణాపాయం జరిగితే, నిర్లక్ష్యం కేసులో ఆ కిట్టే మీకు వ్యతిరేకంగా సాక్ష్యం అవుతుంది.

అసలు మీకు లిఫ్ట్ అవసరమా అన్నది ముందు తేల్చుకోండి. బండిని ర్యాంపు ఎక్కించి గీతలు ఎక్కడ పడ్డాయో చూడండి. వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉండే డిఫరెన్షియల్ మీద పడితే లిఫ్ట్ వల్ల ఉపయోగం లేదు. థార్ వెనక ఇరుసు ఒకే ముక్క, స్ప్రింగు పెంచితే బాడీ లేస్తుంది గానీ ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. గీతలు తలుపుల కింది అంచున ఉంటేనే లిఫ్ట్ గురించి ఆలోచించాలి. ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ ఉంది కాబట్టి, ఎత్తు పెరిగితే చక్రాలను తిప్పే యాక్సిల్ షాఫ్టుల కోణం మారి జాయింట్లు త్వరగా అరుగుతాయి. వారంటీ అడిగితే కాదనడానికి కంపెనీ చూపించే మొదటి కారణం అదే. కంపెనీ ఇచ్చిన 226 మిల్లీమీటర్ల ఎత్తుతోనే మారేడుమిల్లి చుట్టుపక్కల మట్టిదారులు చాలావరకు వెళ్లగలరు. కంపెనీ యాక్సెసరీగా అమ్మే అడుగు రక్షణ పలక దొరికితే వేయించండి. టైర్లు మాన్యువల్‌లో చెప్పిన సైజే ఉంచండి.

ఇంత చూశాక కూడా లిఫ్ట్ కావాలనిపిస్తే, కిట్ కొనకముందే దాని వివరాలు జతచేసి మీ ఆర్టీవోకు దరఖాస్తు పెట్టండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాయండి. ఇద్దరి దగ్గరా రాతపూర్వక జవాబు తీసుకోండి. నోటిమాటగా 'పర్లేదు' అంటే దానికి విలువ లేదు.

మీరు అడగని మాట ఒకటి. ఆ దారుల్లో కొన్ని రిజర్వు ఫారెస్టులోకి పోతాయి, పాపికొండలు జాతీయ పార్కు కూడా ఆ చుట్టుపక్కలే ఉంది. అక్కడ అనుమతి లేకుండా దిగితే అటవీ చట్టం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు పెడతారు, బండి సీజ్ కూడా కావచ్చు. బయలుదేరే ముందు అక్కడి ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో ఏ దారిలో వెళ్లవచ్చో అడగండి.