సిలబస్ రాసే ముందు నాలుగు వారాలు మెషిన్ పక్కన నిలబడండి

పాలిటెక్నిక్‌లో మెకానికల్ చెబుతున్నానని, సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మెషిన్లు) సబ్జెక్టు సిలబస్ మార్చే కమిటీలో మిమ్మల్ని వేశారని రాశారు. పరిశ్రమకు పనికొచ్చేలా రాయాలంటే ఏ ఎఫ్‌డీపీ (అధ్యాపకుల శిక్షణ కోర్సు) చేయాలని అడిగారు. నేనూ ఇదే పనిలో ఇరుక్కున్నవాణ్ణే.

ఎఫ్‌డీపీ సర్టిఫికెట్లు నా దగ్గర ఒక ఫైలు నిండా ఉన్నాయి. వాటిని తీసిపారేయను. కోర్సు అవుట్‌కమ్ (కోర్సు అయ్యాక విద్యార్థికి ఏం రావాలి అన్నది) ఎలా రాయాలో, బ్లూమ్స్ లెవెల్స్ (నేర్చుకోవడంలో మెట్లు) ఏమిటో తెలియాలంటే సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ నడిపే అటల్ వాళ్లవో, సాంకేతిక అధ్యాపకులకు శిక్షణ ఇచ్చే చెన్నై ఎన్‌ఐటీటీటీఆర్ వాళ్లవో ఒకటి రెండు చేయండి, చాలు. అయితే అవుట్‌కమ్ ఎలా రాయాలో చెబుతారు గానీ, అందులో ఏం రాయాలో అక్కడ దొరకదు.

అది నాకు హైదరాబాద్ బాలానగర్‌లో, వేరే కంపెనీలకి విడిభాగాలు చేసిచ్చే ఒక చిన్న జాబ్ వర్క్ షాపులో తెలిసొచ్చింది. అప్పటికి ఎనిమిదేళ్లుగా సీఎన్‌సీ చెబుతున్నా. వేసవి సెలవుల్లో నాలుగు వారాలు వెళ్లాను. రెండో రోజు షాఫ్ట్ టర్నింగ్ (ఇరుసుని తిప్పుతూ గుండ్రంగా చెక్కడం) నడుస్తోంది. డ్రాయింగ్‌లో డయామీటర్ 25.00 మిల్లీమీటర్లు. మైక్రోమీటర్ పెడితే 25.04 వచ్చింది. నేను ప్రోగ్రామ్ తెరిచి డయామీటర్‌ని చెప్పే ఎక్స్ విలువ మార్చబోయాను. పక్కనున్న ఐటీఐ కుర్రాడు "సార్ సార్, ప్రోగ్రామ్ ముట్టుకోకండి" అంటూ ఆఫ్‌సెట్ పేజీకి వెళ్లి, ఆ టూల్ వేర్ ఆఫ్‌సెట్‌లో (టూల్ అరిగినంత మేర సరిచేసే అంకె) ఎక్స్ కింద మైనస్ 0.04 వేశాడు. ఇన్సర్ట్ (టూల్ చివర కోసే ముక్క) అరిగింది, అంతే. ప్రోగ్రామ్‌లో తప్పేమీ లేదు. తర్వాతి పీసు సైజుకి దిగింది. మా సిలబస్‌లో మెషిన్‌కి ఆదేశాలిచ్చే జీ-కోడ్లు, ఎమ్-కోడ్లు పట్టిక పట్టికగా ఉన్నాయి. వేర్ ఆఫ్‌సెట్ అన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

మీ కమిటీ కంపెనీ హెచ్‌ఆర్‌ని పిలుస్తుంది. ఆయన వచ్చి "కమ్యూనికేషన్ స్కిల్స్ పెంచండి" అని చెప్పి టీ తాగి వెళ్తాడు. ఆయన బదులు మెషిన్‌ని పనికి సిద్ధం చేసే సెట్టర్‌నీ, కొలతలు సరిచూసే ఇన్‌స్పెక్షన్‌లో పనిచేసే మనిషినీ పిలవండి. డేకమ్ అని ఒక పద్ధతి ఉంది. పనిలో చేయి తిరిగినవాళ్లను ఐదు నుంచి పన్నెండు మందిని రెండు రోజులు కూర్చోబెట్టి, వాళ్లు నిజంగా చేసే పనులన్నీ చీటీల మీద రాయించి గోడకి అంటిస్తారు. మేము ఆరుగురితో ఒక ఆదివారం చేశాం. "జాబ్ బిగించడం" దగ్గరే గంట పట్టింది. పలచటి జాబ్‌ని (చెక్కాల్సిన ముక్కని) చక్‌లో (మెషిన్ పట్టులో) ఎంత బిగిస్తే వంకర పోతుందనేదాని మీదే అంత సేపు వాదించుకున్నారు.

అలాగని వాళ్లు చెప్పిందంతా రాసేయకండి. "లెక్కలు ఎందుకు సార్, తీసేయండి" అన్నాడు ఒకాయన. ట్రిగనామెట్రీ రాకపోతే టేపర్ (ఒక వైపుకి సన్నబడే వాలు) ఎలా లెక్కేస్తారు? ఈ రోజు ఒక షాపులో ఉన్న కంట్రోలర్ (మెషిన్‌ని నడిపే కంప్యూటర్) కోసం మూడేళ్ల డిప్లొమా రాయలేం కదా.

అసలు గొడవ మాత్రం కమిటీలోనే. కొత్తది చేర్చడానికి అందరూ సరే అంటారు. పాతది తీయమంటే "అది నేను ఇరవై ఏళ్లుగా చెబుతున్నా" అని ఎవరో ఒకరు అడ్డం పడతారు. వేర్ ఆఫ్‌సెట్‌కి నాలుగు పీరియడ్లు కావాలంటే, ఏ నాలుగు పోతాయో ముందే రాసుకుని వెళ్లండి. మోడల్ క్వశ్చన్ పేపర్ కూడా అదే మీటింగ్‌లో ఖాయం చేయించండి. మేము అది వదిలేశాం. సిలబస్ మారినా పరీక్షలో మళ్లీ "ఏవైనా ఐదు జీ-కోడ్లు రాయుము" అనే వచ్చింది. పిల్లలు ఆ ఐదే బట్టీ పట్టారు.

వేసవి దాకా ఆగలేకపోతే, ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌లో ఉన్న పిల్లల్ని అసెస్ చేయడానికి ఎలాగూ కంపెనీలకి వెళ్తారు కదా. ఆఫీసు రూములో సంతకం పెట్టి వచ్చేయకుండా, ఆ పిల్లవాడి మెషిన్ దగ్గర రెండు గంటలు ఉండండి. మరీ చేతులు పెట్టి చేయాలనిపిస్తే బాలానగర్‌లోనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, సీఎన్‌సీ మీద షార్ట్ టర్మ్ కోర్సులు నడుపుతారు. షాపుకే వెళ్లేటట్టయితే ప్రిన్సిపాల్ లెటర్ తీసుకోండి, సేఫ్టీ షూ మీరే కొనుక్కుని వెళ్లండి. నేను చెప్పులతో వెళ్లి మొదటి రోజు గేటు దగ్గరే ఆగిపోయా.