రెండు మిల్లీమీటర్ల బరువు

ప్రశ్న: కడప బండ బరువును కొలతలతో లెక్కేస్తాం. పొడవు 120, వెడల్పు 60, మందం 3 సెంటీమీటర్లు. టేపుతో అర సెంటీమీటరు, మందంలో 2 మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. బరువులో ఎంత తేడా వస్తుంది? ప్రతిసారీ లెక్కంతా మళ్లీ చేయాలా?
– ఒక పాఠకుడు, ఎర్రగుంట్ల

జవాబు: అక్కర్లేదు. రెండు కొలతల్ని కదలనీయకుండా మూడోదాన్ని కాస్త పెంచితే ఘనపరిమాణం ఏ రేటున పెరుగుతుందో అదే పాక్షిక అవకలజం. పొడవు విషయంలో అది వెడల్పు × మందం, అంటే 180. వెడల్పుకు 360. మందానికి మాత్రం 120 × 60, ఏకంగా 7,200!

ఒక్కోదాన్ని దాని తేడాతో హెచ్చించండి. పొడవుకు 90, వెడల్పుకు 180, మందానికి 7,200 × 0.2 = 1,440. మొత్తం 1,710 ఘన సెంటీమీటర్లు. ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాముల లెక్కన 4.6 కిలోలు. అసలు బండ 58.3 కిలోలే. 120.5, 60.5, 3.2 పెట్టి పూర్తిగా గుణిస్తే తేడా 1,728.8 వస్తుంది. మనం వదిలేసిన 18.8 చిన్న తేడాల్ని ఒకదానితో ఒకటి గుణించిన ముక్కలది.

టేపు దగ్గర ఎంత జాగ్రత్తపడ్డా లాభం తక్కువ. పొరలుగా చీల్చిన బండ ఒక్కో అంచున ఒక్కో మందం ఉంటుంది కాబట్టి నాలుగు వైపులా వెర్నియర్ (సన్నని మందాల్ని కొలిచే పరికరం) పెట్టి సగటు తీయండి. తప్పు ప్రతిసారీ ఒకవైపే పడితే 200 బండల లారీలో 920 కిలోల తేడా. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పడితే చాలావరకు కొట్టుకుపోతుంది. 2 మిల్లీమీటర్లను 0.2 సెంటీమీటర్లుగా మార్చడం మరిచిపోతే 1,440 కాస్తా 14,400 అవుతుంది.

ప్రశ్న: లోలకం ప్రయోగంలో గురుత్వ త్వరణానికి సాపేక్ష దోషం (విలువలో దోషం ఎంత భాగమో) రాస్తే ఆవర్తన కాలం, అంటే ఒక డోలనానికి పట్టే సమయం, ముందు మైనస్ వస్తుంది. రికార్డులో ప్లస్ ఎందుకు వేయమంటారు?
– డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: ఆ మైనస్ సరైనదే. కాలం ఎక్కువ చదివితే త్వరణం తక్కువ వస్తుంది. కానీ మీ చెయ్యి ముందు నొక్కిందో ఆలస్యంగా నొక్కిందో తెలియదు కదా, అందుకని గరిష్ఠ దోషానికి పొడవు, కాలం దోషాలు రెండింటినీ కూడతారు. మీటరు పొడవులో మిల్లీమీటరు దోషం 0.1 శాతం. 20 డోలనాలకు సుమారు 40 సెకన్లు, అందులో 0.2 సెకను అంటే 0.5 శాతం. త్వరణం సూత్రంలో కాలం వర్గంలో ఉంది కాబట్టి అది రెట్టింపై 1 శాతం. మొత్తం 1.1. అదే 50 డోలనాలు లెక్కపెడితే 0.5 శాతానికి దిగుతుంది. దారం పొడవును మళ్లీ మళ్లీ కొలిచేకంటే ఇదే మేలు.

ప్రశ్న: నీళ్ల ట్యాంకు ఎత్తు కోసం 20 మీటర్ల దూరం నుంచి 45 డిగ్రీల కోణం కొలిచాను. ఒక డిగ్రీ తప్పుకు 40 మీటర్ల దోషం వస్తోంది!
– కర్నూలు

జవాబు: డిగ్రీని రేడియన్‌లోకి మార్చలేదు. ఎత్తు అంటే దూరం × కోణం టాన్జెంట్, 45 డిగ్రీల దగ్గర ఆ టాన్జెంట్ మారే రేటు 2. 1 బదులు 0.01745 వేయండి: 20 × 2 × 0.01745, దాదాపు 70 సెంటీమీటర్లు.