మొక్క భాగాలు నేర్పాలంటే ముందు వేళ్లున్న తోటకూర కట్ట తెండి

మీ బాబుకి ఐదేళ్లని, పుస్తకంలో బొమ్మ చూసి వేరు, కాండం, ఆకు అని గడగడా చెప్పేస్తాడని, పెరట్లో మొక్క చూపిస్తే మాత్రం బిక్కమొహం వేస్తాడని రాశారు. నేను ఒకటో తరగతి పిల్లలకు చదువు చెబుతాను. బొమ్మతో మొదలుపెట్టిన ప్రతిసారీ నాకూ ఇదే ఎదురైంది. అందుకే ఇప్పుడు పేర్లు చివరికి ఉంచుతున్నాను.

రైతుబజార్లో వేళ్లు కోయని తోటకూర కట్ట దొరుకుతుంది. పాత పేపరు పరిచి వాడి చేతికే ఇవ్వండి. మట్టి కడగనివ్వండి, తుంచనివ్వండి, వాసన చూడనివ్వండి. మధ్యలో లావుగా దిగిన తల్లివేరు చూశాక బయట ఓ గడ్డి దుబ్బు పెరికించండి. దానికి తల్లివేరు ఉండదు, అన్నీ సన్నటి పీచువేర్లే. ఆ తేడా పిల్లలే కనిపెడతారు. అప్పటిదాకా మనం చెప్పేయకుండా ఆగడమే కష్టం.

తర్వాత గాజుగ్లాసు లోపల తడిగుడ్డ పెట్టి, గుడ్డకీ గాజుకీ మధ్య నానిన బొబ్బర్లు నాలుగు ఇరికించండి. రెండు మూడు రోజుల్లో మొదట బయటికొచ్చేది వేరే. అది కాస్త సాగాక గింజను తలకిందులుగా తిప్పి పెట్టండి. ఒకటి రెండు రోజుల్లో వేరు కొన మళ్లీ కిందికి వంగుతుంది. మా క్లాసులో ఒక పాప అది చూసి, "టీచర్, కింద ఎటుందో దానికెలా తెలిసింది?" అంది. ఆ ప్రశ్న కోసమే ఇదంతా చేస్తాను.

బంగాళదుంప వేరు కాదు, కాండం అని ఈ వయసులోనే చూపించవచ్చు. తోటకూర కాడకీ ఆకుకీ మధ్య సందులో చిన్న మొగ్గ ఉంటుంది. దుంప మీది కన్నూ అలాంటి మొగ్గే, అందుకే దుంప కూడా కాండమే.

ఒక్క జాగ్రత్త. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, ఆముదం గింజలు పిల్లల చేతికి ఇవ్వకండి. ఏది ముట్టుకున్నా తర్వాత చేతులు కడిగించండి.

పువ్వు కోసం కుండీలో బెండ గింజలు వేయండి. నలభై, నలభై అయిదు రోజుల్లో పూత మొదలవుతుంది. పువ్వు ఒక్కరోజే విచ్చుకుని ఉంటుంది, అది రాలినచోటే కాయ దిగుతుంది. లేతకాయను అడ్డంగా కోసి గదులు లెక్కపెట్టించండి. ఒక కాయను మాత్రం మొక్కకే ఎండనివ్వండి. దాన్ని వలిస్తే, తాను నాటినలాంటి గింజలే వాడి అరచేతిలో పడతాయి. పుస్తకంలో బొమ్మ అప్పుడు తీయండి.